పెరట్లో మొదటి కోళ్ల గూడు ఎలా కట్టుకోవాలి

ముందు కోళ్లు కొనకండి. ఆదివారం సంతకు వెళ్లి, అట్టపెట్టెలో నాలుగు పిల్లలను తెచ్చి, వంటింటి మూలన దించి, ఆ తర్వాత గూడు సంగతి ఆలోచించేవాళ్లను బెంగళూరులో చాలామందిని చూశాను. పిల్లలు మన తీరిక కోసం ఆగవు. నెల తిరిగేసరికి పెట్టె చాలదు, రెండు నెలలకు వంటిల్లే చాలదు. అప్పుడు చేతికి దొరికిన రేకు, చేతికి దొరికిన వలతో ఏదో ఒకటి నిలబెడతారు. ఆ తొందరకు బలయ్యేది కోళ్లే. గూడు పూర్తయ్యాక ఒక వాన దాని మీద కురవనివ్వండి. లోపల తడి లేదని చేత్తో తడిమి చూసుకున్నాక కోళ్లను తెచ్చుకోండి.

నేను మొదటి గూడు కట్టేటప్పుడు మా అమ్మ మదనపల్లె నుంచి వచ్చి ఉంది. "కోళ్లకింత ఇల్లెందుకు నాయనా, గంప కమ్మితే చాలదా?" అంది. ఆమె మాటలో తప్పు లేదు. ఊళ్లో ఆ గంప ఉండేది వసారాలో. గంప పక్కనే మంచం మీద తాతయ్య పడుకునేవాడు, గడప దగ్గర కుక్క ఉండేది. ఇక్కడ మనం ఇనుప తలుపు వేసుకుని మేడ మీద గదిలో ఫ్యాను కింద నిద్రపోతాం. కాబట్టి గంప చేసే పని, కుక్క చేసే పని, తాతయ్య చేసే పని అన్నీ ఈ గూడు ఒక్కటే చేయాలి. కోడికి చీకట్లో చూపు ఆనదు. పొద్దు గూకాక దాన్ని ఎవరైనా చేత్తో ఎత్తుకుపోవచ్చు, పారిపోదు. అందుకని గూటిని రాత్రి కోసం కడుతున్నామని మొదటి నుంచి గుర్తుపెట్టుకోండి. కింద చెప్పే కొలతల్లో చాలావాటికి కారణం ఇదే.

చోటు

బెంగళూరులో ఎక్కువమందికి ఉండేది 30×40 సైటు, అంటే 1200 చదరపు అడుగులు. ఇల్లు పోగా వెనకాలో పక్కనో నాలుగైదు అడుగుల సందు మిగులుతుంది. నాలుగు పెట్టలకు అది చాలు. 4 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు చోటు ఉంటే గూడు, దాని ముందు జాలి ఆవరణ రెండూ అమరుతాయి. అంతకన్నా తక్కువ చోటుంటే కోళ్లను తగ్గించుకోండి, కొలతలను తగ్గించకండి. అలాగని ఒంటి కోడిని పెంచవద్దు, అది మందలో బతికే జీవి. రెండు ఉండితీరాలి, మూడుంటే మంచిది.

కాగితం మీద గీసే ముందు నేల మీద ముగ్గు పిండితో గీయండి. మేస్త్రీలు పునాదికి గీసినట్టే నాలుగు మూలలూ కొలిచి గీత పోయండి. తర్వాత ఆ గీతల మధ్య కుర్చీ వేసుకుని ఉదయం ఒకసారి, మధ్యాహ్నం రెండింటికి ఒకసారి, సాయంత్రం ఒకసారి కూర్చోండి. ఎండ ఎక్కడ పడుతోంది, పక్కింటి వంటగది కిటికీ ఎంత దూరంలో ఉంది, మన బట్టల తీగ అడ్డమొస్తుందా, మురుగు ఎటు పారుతోంది అన్నీ అక్కడ కూర్చుంటేనే తెలుస్తాయి. వీలైతే వాన పడేటప్పుడు గొడుగు వేసుకుని నిలబడి చూడండి. ముగ్గు ఎటు కొట్టుకుపోతే నీళ్లు అటు పారుతున్నట్టు. నీళ్లు నిలిచే చోటైతే ఆరంగుళాల ఎత్తు మట్టి పోసి గట్టిగా దిమ్మిస చేయించండి.

ఈ ఊరి ఇళ్లకు ప్రత్యేకంగా ఉండే చిక్కొకటి ఉంది. చాలా ఇళ్లలో నీళ్ల సంపు వాకిట్లోనో వెనక సందులోనో నేలమట్టంలో ఉంటుంది. గూటిని దాని దగ్గర పెట్టకండి. రెట్ట కలిసిన వాన నీరు సంపు మూత పక్కనుంచి లోపలికి జారితే ఇంటిల్లిపాదికీ ప్రమాదం. సంపు కన్నా పల్లంలో, వీలైనంత దూరంగా చోటు చూసుకోండి.

గూటి పొడవును తూర్పు పడమరలుగా పెట్టండి. అప్పుడు పొడవాటి వైపులు ఉత్తరానికీ దక్షిణానికీ తిరిగి ఉంటాయి, ఎండ నేరుగా లోపలికి కొట్టదు. కోళ్లు పడుకునే గదిని పడమటి కొసన, జాలి ఆవరణను తూర్పు కొసన ఉంచండి. దీనివల్ల రెండు లాభాలు. పొద్దుటి ఎండ ఆవరణలో పడుతుంది, సాయంత్రపు ఎండను గది గోడ ఆపుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మనకు గాలి పడమటి నుంచే వీస్తుంది, ఆ జల్లును కూడా అదే గోడ ఆపుతుంది. అక్టోబరు, నవంబరుల్లో గాలి తూర్పుకు మళ్లుతుంది. అప్పుడు ఆవరణ తూర్పు వైపున ఒక టార్పాలిన్ పరదా దించితే సరిపోతుంది. కానుగ చెట్టో మునగ చెట్టో నీడనిస్తే అదృష్టమే, వేసవిలో కోడిని కాపాడేది అలాంటి నీడే. కాకపోతే ప్రహరీ మీదికి వంగిన కొమ్మ పిల్లులకు, మానుపిల్లులకు నిచ్చెన అవుతుంది, దాన్ని కొట్టేయించండి.

ఇరుగుపొరుగు

అద్దె ఇల్లయితే ఇంటి యజమానిని, లేఅవుటుకో అపార్టుమెంటుకో సంఘం ఉంటే దాన్ని ముందుగా అడగండి. మీ ప్రాంతపు నిబంధనల గురించి వార్డు కార్యాలయంలోనూ కనుక్కోండి. వీటన్నిటికన్నా ముందు పక్కింటివాళ్లతో మాట్లాడండి. గూడు లేచాక చెప్పడం వేరు, గీత గీసేటప్పుడు పిలిచి "ఇక్కడ పెడదామనుకుంటున్నాం, మీ కిటికీకి ఇబ్బందా?" అని అడగడం వేరు. మా వెనకింటి పెద్దావిడ కన్నడంలో ఒకే మాట అడిగింది, పుంజు ఉంటుందా అని. ఉండదన్నాను. ఆమె అభ్యంతరం అక్కడితో తీరిపోయింది.

పుంజు నిజంగానే అక్కర్లేదు. పుంజు లేకపోయినా పెట్ట గుడ్లు పెడుతుంది, అవి పొదిగితే పిల్లలు కావు, అంతే తేడా. తెల్లవారుజామున నాలుగింటికే మొదలయ్యే కూత పల్లెలో గడియారం, ఈ ఇరుకు వీధుల్లో తగాదా. పెట్ట కూడా గుడ్డు పెట్టాక కొక్కొక్కోమని కాసేపు గోల చేస్తుంది గాని, అది పట్టపగలు, అయిదు పది నిమిషాలు.

చట్రం

కొలతలు నాలుగు పెట్టలకు చెబుతున్నాను. గది 4×4 అడుగులు, నేలకు 2 అడుగుల ఎత్తున కాళ్ల మీద నిలబడుతుంది. కోడికి లోపల నాలుగు చదరపు అడుగులు వచ్చినట్టు. గది కింద ఖాళీని కూడా ఆవరణలో కలుపుకుంటే కోడికి పన్నెండు చదరపు అడుగుల తిరిగే చోటు దొరుకుతుంది. మధ్యాహ్నం పూట కోళ్లు ఆ గది కింద నీడలోనే దుమ్ములో పొర్లుతూ ఉంటాయి. గది తూర్పు గోడ ఎత్తు 4 అడుగులు, పడమటి గోడ ఎత్తు 3 అడుగుల 4 అంగుళాలు. ఈ ఎనిమిదంగుళాల తేడాయే కప్పుకు వాటం. ఆవరణ ఎత్తు 6 అడుగులు పెట్టండి, మీరు నిలబడి ఊడ్చుకునేలా ఉండాలి. నడుము వంచి దూరాల్సిన ఆవరణను నాలుగో వారం నుంచి ఎవరూ ఊడ్వరు.

చట్రానికి నా సలహా ఒకటిన్నర అంగుళం చదరపు ఇనుప పైపు. ప్యాకింగు చెక్క చవకగా దొరుకుతుంది, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, కానీ మన నేలలో చెదలు రెండు వానలకే కాళ్లను తినేస్తాయి. మీ వీధిలో గేట్లు, గ్రిల్లులు చేసే వెల్డింగు అంగడి ఉంటుంది. కొలతలు రాసి ఇస్తే ఒక్కరోజులో చట్రం అతికిస్తారు. రెడాక్సైడ్ పూసి, పైన ఎనామిల్ రంగు వేయించండి. గోడలకు, లోపలి నేలకు 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ వాడుకోవచ్చు, నీటికి తట్టుకునే రకం అడగండి. కాళ్ల కింద ఒక్కో గ్రానైట్ ముక్క పెట్టండి. అంగట్లో మిగిలిన తునకలు అడిగితే ఇస్తారు.

గది నేల మీద పాత వినైల్ షీటు పరిచి, అంచులు నాలుగంగుళాలు గోడలకు ఎక్కించి అతికించండి. తడి ప్లైవుడ్‌లోకి దిగకుండా, కడగడానికి వీలుగా ఉంటుంది.

కప్పుకు జింకు రేకు సరిపోతుంది, అయితే ఒంటి రేకు వేయవద్దు. ఏప్రిల్ ఎండకు 35 డిగ్రీలు దాటిన రోజున ఆ రేకు కింద చెయ్యి పెట్టి చూస్తే మీకే అర్థమవుతుంది. రేకు కింద రెండంగుళాల సందు వదిలి సన్న ప్లైవుడ్ పలకను లోకప్పుగా బిగించండి. వేసవిలో పైన కొబ్బరి మట్టలు పరవండి. మే నెలలో ఇక్కడ ఒక్కోసారి పడే వడగళ్లకు ఒంటి రేకు చేసే మోతతో కోళ్లు బెదిరిపోతాయి, ఆ మోతను కూడా లోకప్పు సగానికి సగం మింగేస్తుంది. చూరు చోటున్న వైపులన్నిటా అడుగు బయటికి రావాలి. చూరు నీళ్లు పక్కింటి గోడ మీద పడకుండా చూసుకోండి.

జాలి

ఈ పనిలో అన్నిటికన్నా ఎక్కువ డబ్బు, ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే.

కోళ్ల వల పేరుతో అమ్మే ఆరు పలకల గడుల సన్న తీగ జాలిని కొనకండి. అది కోడిని లోపల ఆపుతుంది గాని, కుక్కను బయట ఆపలేదు. పళ్లతో పట్టి లాగితే చిరిగిపోతుంది. మీరు అడగాల్సింది అర అంగుళం చదరపు గడులున్న, వెల్డింగు చేసి జింకు పూత పూసిన జాలి. సిటీ మార్కెట్ పక్కన ఎస్‌జేపీ రోడ్డులో హార్డువేరు అంగళ్లలో చుట్టలుగా దొరుకుతుంది. ఒక ముక్కను చేత్తో వంచి చూడండి, సులువుగా ముడతపడితే ఇంకా మందం రకం చూపించమనండి. అర అంగుళమే ఎందుకంటే, అంగుళం గడిలోంచి పిల్ల ఎలుక దూరుతుంది, పిల్లి పంజా దూరుతుంది. జాలికి ఆనుకుని పడుకున్న కోడిని బయటి నుంచే పంజాతో పట్టి చంపేసే పిల్లులున్నాయి.

జాలిని బైండింగు వైరుతో కట్టి వదిలేయకండి. జాలి అంచు మీద ఇనుప పట్టీ పెట్టి, ప్రతి ఆరంగుళాలకు ఒక స్క్రూ, దాని కింద వెడల్పాటి వాషరు వేసి చట్రానికి బిగించండి. కత్తిరించిన తీగ మొనలు లోపలికి తిరిగి ఉంటే కోళ్ల కళ్లకు తగులుతాయి, మొనలన్నీ పట్టీ కిందికి పోవాలి. జాలి కోసేటప్పుడు చేతి తొడుగులు వేసుకోండి. ఆవరణ పైభాగానికి కూడా ఇదే జాలి. పగలు గద్ద, డేగ, కాకి, ముంగిస ఉన్నాయి కాబట్టి పైన తెరిచి ఉంచడం కుదరదు.

ఇప్పుడు నేల. నా మొదటి గూటికి ఇది చేయలేదు. జాలిని నేల దాకా తెచ్చి ఆపేశాను, గది తలుపు సాయంత్రం వేయకుండా వదిలేశాను, ఆవరణకు గొళ్లెం ఉంది కదా అని. జూలైలో ముసురు పట్టిన ఒక రాత్రి పందికొక్కు ప్రహరీ వైపు నుంచి తవ్వుకొచ్చింది. తెల్లారి చూస్తే జాలి చెక్కు చెదరలేదు, గొళ్లెం వేసినట్టే ఉంది, లోపల రెండు పెట్టలు చచ్చిపడి ఉన్నాయి. అవి మూడు నెలల పిల్లలు. మిగిలిన రెండూ ఒకదాని రెక్క కింద ఒకటి తల దూర్చి మూలన నక్కి ఉన్నాయి, వారం దాకా మేత సరిగా ముట్టలేదు. ఆ కన్నం నా పిడికిలికన్నా కాస్త పెద్దది, అంతే. గూడు కట్టే ప్రతివారికీ నేను ఈ సంగతి చెబుతాను. ఎందుకంటే ఈ నష్టం కేవలం అడుగున్నర జాలితో తప్పేది.

చేయాల్సింది ఇది. ఆవరణ చుట్టూ, బయటి వైపున, ఒకటిన్నర అడుగు వెడల్పు జాలిని నేల మీద పడుకోబెట్టి, ఒక అంచును నిలువు జాలికి దగ్గర దగ్గరగా కట్టండి. దాని మీద రెండంగుళాల మట్టి, ఆపైన సైజు రాళ్లో ఇటుకలో పేర్చండి. తవ్వే జంతువు గోడ మొదట్లోనే తవ్వుతుంది, అక్కడ జాలి తగిలితే వెనక్కి జరిగి అడుగున్నర అవతలి నుంచి సొరంగం తీయాలన్న ఆలోచన దానికి రాదు. ప్రహరీకి ఆనుకుని చోటు లేని వైపు జాలిని అడుగు లోతున నిలువుగా పాతండి. సందులో ముందే సిమెంటు నేల ఉంటే ఈ పని తప్పుతుంది, కానీ కోళ్లు గీరుకోవడానికి నాలుగంగుళాల మట్టి పోయాలి.

గాలి, దండెం, గుడ్ల పెట్టె

గది ఉత్తర దక్షిణ గోడల్లో, చూరు కింద ఎనిమిదంగుళాల మేర ప్లైవుడ్ వేయకుండా జాలి మాత్రమే బిగించండి. ఇది రాత్రీ పగలూ, వానాకాలం చలికాలం అన్నింటా తెరిచే ఉంటుంది. చలికి భయపడి మూసేసేవాళ్లున్నారు. బెంగళూరు డిసెంబరు రాత్రుల్లో 15 డిగ్రీల చలి ఎదిగిన కోడికి లెక్కలోది కాదు, ఈకలు ఉబ్బించుకుని హాయిగా పడుకుంటుంది. దాన్ని నిజంగా జబ్బుపడేసేది రెట్ట నుంచి లేచే అమోనియా ఘాటు, మూసిన గదిలో పేరుకునే చెమ్మ. తెల్లవారుజామున గది తలుపు తీసి ముఖం లోపలికి పెట్టండి. కళ్లు మండితే గాలి చాలడం లేదన్నమాట. అయితే గాలి కోడి తల పైనుంచి పోవాలి, దాని ఒంటికి కొట్టకూడదు. అందుకే దండేన్ని, అంటే కోళ్లు రాత్రి ఎక్కి పడుకునే కర్రను, గది నేలకు 18 అంగుళాల ఎత్తులోనే ఉంచుతున్నాం.

దండేనికి రెండంగుళాల మందం సరుగుడు కర్ర బాగుంటుంది. బెరడు తీసి, గరుకు కాగితంతో రుద్దండి. వెదురు నునుపుగా జారుతుంది, ఇనుప పైపు చలికి చల్లగా, ఎండకు వేడిగా ఉంటుంది, రెండూ వద్దు. పడమటి గోడకు అడుగు దూరంలో, గోడ నుంచి గోడకు నాలుగడుగుల కర్ర వేస్తే కోడికి పదంగుళాల చొప్పున నాలుగింటికీ సరిపోతుంది. దండెం కింద ఒక పలకను సొరుగులా లాగేలా అమర్చండి. పగలూ రాత్రీ కలిపి ఒక్కో కోడి వంద గ్రాములకు పైగానే పచ్చి రెట్ట వేస్తుంది, అందులో పెద్ద భాగం దండెం కిందే పడుతుంది. పొద్దున్నే ఆ పలకను లాగి, గీకి, గుప్పెడు బూడిద చల్లి తోసేస్తే మీ గూటికి వాసన ఉండదు. పొరుగువారితో సఖ్యతకు ఈ రెండు నిమిషాల పని చాలా అవసరం.

గుడ్ల పెట్టె అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. నాలుగు పెట్టలకు ఒకటి చాలు, రెండు కట్టినా ఒకదాని కోసమే క్యూ కడతాయి. అయినా రెండు ఉంచండి, ఒకటి పొదుగుడు మీదున్న పెట్ట ఆక్రమించుకున్నప్పుడు రెండోది పనికొస్తుంది. పెట్టె దండెం కన్నా తక్కువ ఎత్తులో ఉండాలి. కోడి అన్నిటికన్నా ఎత్తైన చోటే పడుకుంటుంది, పెట్టె ఎత్తుగా ఉంటే అందులోనే పడుకుని రెట్ట వేస్తుంది. మీరు నడిచే వైపు గోడకు బయటికి పొడుచుకొచ్చేలా బిగించి, పైన మడత బందులతో వాలు మూత పెట్టండి. గదిలోకి వెళ్లకుండానే గుడ్డు తీసుకోవచ్చు. లోపల చీకటిగా ఉండటం ముఖ్యం, ముందు ఒక గోనె ముక్క వేలాడదీస్తే పెట్టకు చాటు దొరుకుతుంది.

కోళ్లు వచ్చిపోయే ద్వారం అడుగు వెడల్పు, 14 అంగుళాల ఎత్తు. పైకి లాగే పలక తలుపు, బయటికి అడ్డ పట్టీలు కొట్టిన ఏటవాలు పలక. ఇంతే. మీరు శుభ్రం చేయడానికి ఉత్తరపు గోడలో రెండడుగుల తలుపు వేరే ఉండాలి. ప్రతి తలుపుకూ గొళ్లెంతో పాటు కొక్కెమో చిన్న తాళమో రెండోది ఉండాలి. వదులు గొళ్లేన్ని కుక్క మూతితో ఎత్తేస్తుంది. మానుపిల్లి అయితే ఎంత సన్న సందు దొరికినా దూరుతుంది. ఆవరణకు జాలి ఎంత గట్టిగా ఉన్నా, పొద్దు గూకాక గది తలుపు తప్పకుండా వేయండి.

పరుపు

గది నేల మీద మూడు నాలుగంగుళాల మందాన వరి ఊక పోయండి. రంపపు పొట్టు కన్నా ఊక మేలు, రంపపు పొట్టులో దుమ్ము ఎక్కువ, చిన్న కోళ్లు దాన్ని తింటాయి. వారానికి రెండుసార్లు పారతో తిరగేయండి. గుప్పెట్లో పట్టి నొక్కి వదిలితే ఊక విడిపోవాలి. ముద్దగా నిలిచిందంటే తడి చేరింది, ఆ భాగం తీసేసి కొత్తది పోసి, కాస్త పొడి సున్నం కలపండి. తీసేసిన ఊకను పచ్చిగా కుండీల్లో వేస్తే మొక్కలు మాడిపోతాయి. ఎండుటాకులతో పొరలు పొరలుగా కలిపి రెండు మూడు నెలలు మాగనిస్తే, మిద్దె తోటకు దానికి మించిన ఎరువు ఉండదు.

ఏ కోళ్లు, ఎక్కడి నుంచి

ఈ విషయంలో బెంగళూరువాళ్లది అదృష్టం. గిరిరాజ, స్వర్ణధార రెండూ ఇక్కడి హెబ్బాళ పశువైద్య కళాశాల వాళ్లు పెరటి పెంపకం కోసమే తయారుచేసిన కోళ్లు. హెసరఘట్టలో కేంద్ర ప్రభుత్వ కోళ్ల అభివృద్ధి సంస్థ ఉంది, అక్కడ శిక్షణ కూడా ఇస్తారు. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ ఇచ్చిన గ్రామప్రియ కోడి గుడ్లు బాగా పెడుతుందని పేరు పడింది. గిరిరాజ ఒళ్లు బరువుగా పెరుగుతుంది, దాన్ని పెంచేవాళ్లు దండేన్ని అడుగు ఎత్తుకు దించండి, లేకపోతే దూకేటప్పుడు పాదాలు దెబ్బతింటాయి. గుడ్ల కోసమే అయితే స్వర్ణధారో గ్రామప్రియో తీసుకోండి.

మొదటిసారి పెంచేవాళ్లు రోజు పిల్లలను తేవద్దని నా గట్టి అభిప్రాయం. మొదటి వారం 35 డిగ్రీల వేడి ఇవ్వాలి, తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గిస్తూ పోవాలి, రాత్రుళ్లు లేచి చూస్తుండాలి. ఎనిమిది పది వారాల పెట్టలను కొంటే ఆ గండం దాటి వస్తాయి. కొనేటప్పుడు టీకాల సంగతి తప్పకుండా అడగండి. ముఖ్యంగా కొక్కెర తెగులుకు, అంటే రాణిఖేత్ వ్యాధికి, మొదటి వారంలో చుక్కల మందు, ఎనిమిదో వారం ప్రాంతంలో ఆర్‌టూబీ టీకా వేయాలి. ఈ జబ్బు వచ్చాక మందు లేదు, ముందు వేసే టీకాయే దిక్కు. ఉన్నట్టుండి ఒకటి రెండు కోళ్లు చనిపోతే కళేబరాన్ని చెత్తలో పడేయకుండా, ఒట్టి చేత్తో ముట్టుకోకుండా, దగ్గరి పశువైద్యశాలకు కబురు చేయండి.

మొదటి వారం

కోళ్లను సాయంత్రం తీసుకురండి. నేరుగా గదిలోకి వదిలి, నీళ్లు మేత లోపలే పెట్టి, నాలుగు రోజులు ఆవరణలోకి కూడా వదలకండి. ఆ నాలుగు రోజుల్లో ఇదే తమ ఇల్లని వాటికి తెలుస్తుంది. ఎండగా ఉన్న మధ్యాహ్నాలు మాత్రం గది తలుపుకు బదులు జాలి తలుపు ఉండేలా చూడండి.

మొదటి రాత్రి అవి దండెం ఎక్కవు. మూలన ఒకదాని మీద ఒకటి పడి ఊకలో కూర్చుంటాయి. పూర్తిగా చీకటి పడ్డాక టార్చి వెలుతురును నేల మీదికి తిప్పి పెట్టి, ఒక్కోదాన్ని రెండు చేతులతో రెక్కలు కలిపి పట్టుకుని ఎత్తండి. అరచేతికి దాని గుండె దడ తెలుస్తుంది. రొమ్మును దండేనికి తాకించి ఒక్క క్షణం ఆగండి, కాలి వేళ్లు వాటంతట అవే చాచి కర్రను పట్టుకుంటాయి. పట్టుకున్నాక మెల్లగా చేతులు తీసేయండి. నాలుగూ వరసగా కూర్చున్నాక ఒకదానికొకటి జరిగి, మెడలు లోపలికి లాక్కుని, గొంతులో సన్నగా గురగురమంటాయి. మూడు నాలుగు రాత్రులు ఇలా చేస్తే ఆపైన పొద్దు వాలగానే తామే ఎక్కుతాయి.

ఎదిగిన పెట్టకు రోజుకు వంద నుంచి నూట ఇరవై గ్రాముల దాణా, పావు లీటరు నీళ్లు కావాలి, వేసవిలో నీళ్లు రెట్టింపు. గుడ్డు మొదలయ్యే దాకా ఎదిగే పెట్టల దాణా, మొదలయ్యాక గుడ్ల కోళ్ల దాణా. వంటింట్లో మిగిలిన అన్నం, ఆకుకూర కాడలు పెట్టవచ్చు గాని, అదే కడుపు నింపితే గుడ్లు తగ్గుతాయి. ఆల్చిప్పల పొడిని వేరే గిన్నెలో పెట్టండి, ఎంత కావాలో అవే తింటాయి. దాణా మూటను మూతి బిగించే డబ్బాలో దాచండి. రాత్రి గిన్నెలో మిగిలిన మేత తీసేయండి. ఎలుకలను పిలిచేది ఆ మేతే, ఎలుకల కోసం పాము వస్తుంది.

దీపావళి మూడు రాత్రులు గాలి సందులు పూర్తిగా మూసుకుపోకుండా గదికి రెండు వైపులా మందపాటి గోనెలు వేలాడదీయండి. చప్పుడుకు బెదిరిన పెట్ట వారం దాకా గుడ్డు ఆపేస్తుంది, పొరపాటున కోపగించుకోవద్దు.

ఇరవై ఇరవై రెండు వారాల వయసులో తురాయి ఎర్రబడుతుంది. మీరు వీపు మీద చెయ్యి వేస్తే పెట్ట కాళ్లు ముడిచి నేలకు ఆనుకుంటుంది. అప్పటికి గుడ్ల పెట్టెలో మెత్తటి ఎండుగడ్డి పరిచి, నునుపైన తెల్ల రాయి ఒకటి గుడ్డు సైజుది పెట్టి ఉంచండి, ఎక్కడ పెట్టాలో దానికి ఆనవాలు దొరుకుతుంది. మొదటి గుడ్డు చిన్నది, ఒక్కోసారి పెంకు పలచగా ఉంటుంది, ఒకటి రెండు చుక్కల నెత్తురు మరక కూడా ఉండవచ్చు, భయపడవద్దు. మూత ఎత్తి చెయ్యి పెట్టినప్పుడు గడ్డి కూడా వెచ్చగా ఉంటుంది.